శిథిలాలకు ఇంటివాళ్లున్నారు

మా అన్నయ్య కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తోంది. డిసెంబరులో నాలుగు రోజులు సెలవు పెట్టి ఒక్కతే హంపికి వెళ్లి వస్తానని ఇంట్లో చెబితే మా వదిన ససేమిరా ఒప్పుకోలేదు. 2025 మార్చిలో హంపికి దగ్గర్లోని సణాపుర వద్ద తుంగభద్ర ఎడమ కాలువ గట్టున జరిగిన ఘోరం ఆమె మనసులో ఇంకా పచ్చిగానే ఉంది. రాత్రిపూట నక్షత్రాలు చూడడానికి కూర్చున్న పర్యాటకుల మీదా, వాళ్లకు తోడుగా వచ్చిన హోంస్టే నిర్వాహకురాలి మీదా దాడి చేసి, ఇద్దరు స్త్రీలపై అత్యాచారం చేసి, మగవాళ్లను కాలువలోకి తోసేశారు. వారిలో ఒకరు ప్రాణాలతో తిరిగి రాలేదు. అలాంటి చోటికి పిల్లను ఒంటరిగా ఎలా పంపమంటారని వదిన అడిగితే అన్నయ్య దగ్గర జవాబు లేకపోయింది. నాకు ఫోను చేసి, "నువ్వు రెండేళ్ల కిందట ఒక్కదానివే వెళ్లొచ్చావు కదా, నువ్వే చెప్పు" అన్నాడు.

ఆ ఫోను వచ్చి నెల కావస్తోంది. నాకు హంపిలో దొరికిన ఆదరణ ఎలాంటిది, అది నాకే ఎందుకు దొరికింది, ఇంకొకరికి కూడా దొరుకుతుందని నేను పూచీ పడగలనా అని అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ముక్కూమొహం తెలియనివాళ్లు చేసిన సాయం గురించి రాసేటప్పుడు మనం సాధారణంగా దాన్ని ఒక అదృష్టంలాగా, దారిలో దొరికిన నాణెంలాగా చెబుతాం. ఆ లెక్క నాకు సరిగా తోచడం లేదు. నాకు సాయం చేసినవాళ్లు ఆ చోటికి ఇంటివాళ్లు, నేను వాళ్ల ఇంటికి చెప్పాపెట్టకుండా వెళ్లిన చుట్టాన్ని. అక్కడి కుక్కలూ కోతులూ కూడా ఒక రకంగా ఇంటివాళ్లే. శిథిలం అనగానే ఎవరూ లేని చోటు అనుకోవడం మనకు అలవాటైంది. అక్కడి మనుషుల విషయంలో ప్రభుత్వాలు చేసిన తప్పూ, అక్కడి జంతువుల విషయంలో మనం రోజూ చేస్తున్న తప్పూ ఆ ఒక్క పొరపాటు నుంచే పుట్టాయని నా అభిప్రాయం. దాన్ని నా అనుభవంలో నుంచే చెప్పడానికి ప్రయత్నిస్తాను.

తులాభారం దాకా వచ్చిన కుక్క

2023 నవంబరులో గుంతకల్లు మీదుగా రైల్లో హోసపేట చేరి, కమలాపురంలో బస చేశాను. మొదటిరోజు ఉదయం విరూపాక్షుని దర్శనం చేసుకుని, రథవీధి చివర ఎదురు బసవన్న అనే నంది విగ్రహం దగ్గరికి వచ్చేసరికి గోధుమరంగు కుక్క ఒకటి రాతిమెట్ల మీద నుంచి లేచి నా ముందు నడవడం మొదలుపెట్టింది. అక్కడి నుంచి ఏటి ఒడ్డునే విఠ్ఠలాలయం దాకా రెండు కిలోమీటర్ల కాలిబాట ఉంది. కోదండరామాలయం, చక్రతీర్థం దాటినా అది నా ముందే ఉంది. నేను ఆయాసపడి కూర్చుంటే నాలుగడుగులు వెనక్కి వచ్చి కూర్చుంది, లేస్తే లేచింది. గుండ్ల మధ్య బాట రెండుగా చీలిన చోట ఒకవైపు నిలబడి నా వైపు చూసింది. నేను అటే వెళ్లాను, అదే సరైన దారి.

దానికి ఏదైనా ఇవ్వాలనిపించి సంచీలో ఉన్న బిస్కెట్లు రెండు తీసి ముందు పెట్టాను. వాసన చూసి వదిలేసింది. ఆ క్షణంలో నాకు సిగ్గనిపించింది, ఎందుకో అప్పుడు తెలియలేదు. తరవాత ఆలోచిస్తే, ఎవరింట్లోనో భోజనం చేసి లేస్తూ విస్తరి పక్కన డబ్బులు పెట్టినట్టు ఉంది నేను చేసిన పని.

విఠ్ఠలాలయం ఇంకా కాస్త దూరంలో ఉందనగా, రాజులు తూగేవారని చెప్పే తులాభారం రాతికమాను వస్తుంది. అక్కడ కుక్క ఆగిపోయింది. కమానుకు అవతల రెండు నల్లకుక్కలు పడుకుని ఉన్నాయి. అవి తలెత్తి చూశాయి గాని మొరగలేదు. నా తోటి వచ్చినది కాసేపు కూర్చుని, నేను ఆ కమాను దాటడం చూసి, వచ్చిన దారినే తిరిగి వెళ్లిపోయింది. ఆ నడకంతా నాకోసమే జరిగిందన్న సంతోషం ఆ రాత్రంతా నాలో ఉంది. మూడోరోజు ఉదయం అదే బాటలో అదే కుక్క ఒక విదేశీ జంట ముందు అదే నడకతో వెళుతూ కనిపించింది. కమాను దగ్గర అలాగే ఆగింది, అలాగే వెనుదిరిగింది.

మొదట మనసు చివుక్కుమన్న మాట నిజం. నన్ను ఎంచుకుందనుకున్నాను. అది మాత్రం రోజూ తన సరిహద్దు దాకా తిరిగే తిరుగుడే తిరిగింది, ఆ సమయానికి నేను ఆ బాటలో ఉన్నాను. కుక్కల స్వభావం తెలిసినవాళ్లు దీన్ని ఇంతకు మించి చూడవద్దంటారు, వాళ్లతో నాకు పేచీ లేదు. అయినా ఒక సంగతి నన్ను వదలలేదు. గుమ్మం దాకా వచ్చి సాగనంపడం ఏ ఇంట్లోనైనా ఒక్క చుట్టం కోసం పుట్టిన మర్యాద కాదు కదా. వచ్చిన ప్రతి చుట్టాన్నీ అలాగే సాగనంపుతారు. అందరికీ చేస్తారు కనుక నాకు చేసినదాని విలువ తగ్గిందని ఏ చుట్టమూ అనుకోడు. నన్ను ఎంచుకోవాలని నేను ఆశించడమే, అక్కడ నేను చుట్టాన్నని మరచిపోవడం.

దోసకాయలమ్మే ఆమె

రెండోరోజు మధ్యాహ్నం హేమకూటం కొండ దిగి కడలెకాళు గణపతి గుడికి వచ్చాను. మన మాటలో శనగగింజ వినాయకుడన్నమాట. నాలుగున్నర మీటర్ల ఏకశిలా విగ్రహం. చూసి బయటికి వచ్చి, స్తంభాల నీడలో సంచీ పక్కన పెట్టుకుని కూర్చున్నానో లేదో, ఒక కోతి దాన్ని లాక్కుని ఎదురుగా ఉన్న గుండు మీదికి ఎక్కేసింది. సంచీలో నా కళ్లద్దాలు, రక్తపోటు మాత్రలు, తిరుగు ప్రయాణం టికెట్టు ఉన్నాయి. కేకలు వేస్తూ లేచి, కాళ్ల దగ్గర దొరికిన రాయి తీశాను. అది మామూలు రాయి కాదు. ఏదో స్తంభం నుంచి విరిగిపడిన ముక్క, దాని మీద సగం తామరరేకు చెక్కి ఉంది. విసరడానికి చెయ్యెత్తాను కూడా.

"అక్కా, రాయి తీయాకండి. దాని కండ్లలోకి చూడాకండి. ఈడొచ్చి కూర్చోండి" అని వెనకనుంచి తెలుగులో ఎవరో అన్నారు. గుడి పక్కన బుట్టలో దోసకాయలు పెట్టుకుని అమ్మే ఆమె. నలభై అయిదేళ్లుంటాయి. బళ్లారి ప్రాంతపు తెలుగు, నడుమ నడుమ కన్నడం. నన్ను తన పక్కన, కోతికి వీపు పెట్టి కూర్చోబెట్టింది. "దానికి కావాల్సింది మీ సంచి కాదు, దాంట్లో తిండి. లేదని తెలిస్తే అదే ఇడిసిపెడుతుంది" అని చెప్పి, ఏమీ జరగనట్టు కాయలు తుడుచుకుంటూ ఉండిపోయింది. వెనక్కి తిరిగి చూడకుండా కూర్చోవడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. పావుగంట గడిచాక, పైనుంచి సంచీ కిందపడిన చప్పుడైంది.

ఆమె చెప్పులు విడిచి గుండు ఎక్కింది. కళ్లద్దాలు తెచ్చింది, ఒక కాడ వంకరపోయింది. టికెట్టు తెచ్చింది. మాత్రల పట్టీ కొరికేసి ఉంది, మూడు మాత్రలు లేవు. హోసపేటలో కొనుక్కుంటాను, ఫరవాలేదు రమ్మని కింద నుంచి ఎంత చెప్పినా వినకుండా రాళ్ల సందులన్నీ వెతికి, రెండింటిని ఏరింది. మూడోది దొరికేదాకా దిగలేదు. నాకోసం అంత శ్రమ పడుతోందని నేను మొహమాటపడుతూ ఉంటే, దిగివచ్చి చెప్పిన మాట వేరు: "పిల్లకోతులు తింటే సచ్చిపోతాయక్కా."

రెండువందల నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. కాయలమ్మేదాన్ని, కాయలకే డబ్బు తీసుకుంటానంది. దోసకాయ ముక్కలు ఉప్పూకారం వేయించుకుని తిన్నాను, ఇరవై రూపాయలు తీసుకుంది. ఏదైనా చెయ్యనివ్వమని మళ్లీ అడిగితే కాసేపు ఆలోచించి, తన మనవడిని పిలిచి పక్కన నిలబెట్టుకుని, ఒక ఫోటో తీసి కాగితం మీద వేయించి పంపమంది. "శానామంది తీసుకున్నారు. పంపిస్తామనే పోతారు. ఒక్కటీ రాలేదు" అంది. నిష్ఠూరంగా అనలేదు, వానలు పడలేదని చెప్పినంత మామూలుగా అంది. నేను ఫోటో తీసుకుని, చిరునామా రాసుకుని, మాట ఇచ్చాను.

కోతుల గురించి ఆమె చెప్పినదే నా వాదానికి మూలం. అవి సంచీలు లాగడం పర్యాటకుల సంచీల్లోంచే నేర్చుకున్నాయంది. నెత్తిన పాపిడి తీసినట్టు జుట్టుండే ఈ కోతులు అత్తి, మర్రి, చింత, ఏటి ఒడ్డు చెట్ల చిగుళ్లు తిని బతకగలిగినవి. మనం దయ అనుకుని అరటిపండూ బిస్కెట్టూ అందించిన ప్రతిసారీ మనిషి చెయ్యి అంటే తిండి అని వాటికి నేర్పుతున్నాం. ఆ తరవాత ఒక పిల్లవాడు ఉత్త చేత్తో ఎదురైతే అవి కరుస్తాయి. అప్పుడు మనం కోతుల బెడద అంటాం, బోనులు తెమ్మంటాం. హంపికి దగ్గర్లోనే 1994లో ఏర్పాటైన దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యంలో సాయంత్రం గుండ్లకు తీపి పూసి, దూరంగా ఉన్న బురుజు మీద నుంచి జనానికి ఎలుగుబంట్లను చూపిస్తారు. అక్కడైతే మనిషికీ జంతువుకీ మధ్య దూరం ఉంది కదా అని ఒక స్నేహితురాలు నాతో వాదించింది. ఆ మాటలో బలం ఉంది, పూర్తిగా కొట్టిపారేయలేను. అయినా చూడడానికి వచ్చిన మన వేళకు ఎలుగుబంటి వేళను కుదర్చడం నాకు మనసుకు పట్టలేదు, నేను అక్కడికి వెళ్లలేదు.

కుక్కకు బిస్కెట్టు పెట్టిన చెయ్యీ, కోతి మీదికి రాయి ఎత్తిన చెయ్యీ ఒక్కటే అని చెప్పడానికే ఇదంతా రాశాను. రెండుసార్లూ ఆ చోటు నాది అన్నట్టే ప్రవర్తించాను. ఒకసారి పెట్టేదాన్నయ్యాను, ఇంకోసారి తరిమేదాన్నయ్యాను. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకు ఆ రెండు పనుల్లో ఏదీ లేదు.

ఖాళీ చేసిన వీధి

దోసకాయలమ్మే ఆమె కాపురానికి వచ్చింది విరూపాక్షుని రథవీధిలోని ఒక రాతిమంటపంలోకి. ఇద్దరు బిడ్డలూ అక్కడే పుట్టారు. 2011 జూలైలో ఆ వీధిని ఖాళీ చేయించారు. "రాత్రి గోడలకు గుర్తులు పెట్టిరి, పొద్దున జేసీబీ వచ్చె" అని చెప్పింది. ఇప్పుడు వాళ్లు నాలుగైదు కిలోమీటర్ల అవతల, కడ్డిరాంపురలో ఉంటున్నారు. ఒకప్పుడు గుమ్మంలో కూర్చుని గుడి గంట వినేది, ఇప్పుడు బుట్ట నెత్తిన పెట్టుకుని బస్సుకు వస్తోంది.

అధికారుల వైపు న్యాయం లేదని నేను అనను. మంటపాల స్తంభాల నడుమ ఇటుకగోడలు లేచాయి, సిమెంటు పూశారు, మేకులు కొట్టారు, పొయ్యిల పొగ శిల్పాలకు పట్టింది, మురుగునీటికి దారి లేదు. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన హంపి, 1999 నుంచి 2006 దాకా ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో ఉండవలసి వచ్చింది. దానికి ముఖ్య కారణం నది మీద కట్టబూనిన వంతెన అయినా, అదుపులేని కట్టడాల మీద ఆందోళన అప్పటినుంచే పెరిగింది. అయిదువందల ఏళ్లనాటి రాతిని కాపాడవద్దని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? నేను కృష్ణాలయానికి వెళ్లినప్పుడు ఖాళీ గర్భగుడిని చూసి చాలాసేపు నిలబడిపోయాను. నెల్లూరు సీమలోని ఉదయగిరిని గెలిచి కృష్ణదేవరాయలు అక్కడి నుంచి తెచ్చి ప్రతిష్ఠించిన బాలకృష్ణుడి విగ్రహం ముక్కలై ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పోగొట్టుకున్నది ఎంతో తెలిసినవాళ్లకే మిగిలినదాని మీద భయం ఉంటుంది.

అయితే ఎవరి నుంచి కాపాడుతున్నాం? 2019లో నలుగురు యువకులు గజశాలల వెనక ఒక గుడి ఆవరణలో స్తంభాన్ని తోసి పడేస్తూ తీసుకున్న వీడియో దేశమంతా తిరిగింది. కోర్టు వారికి తలా డెబ్బైవేల రూపాయల జరిమానా వేసింది, ఆ స్తంభాన్ని వాళ్ల చేతనే మళ్లీ నిలబెట్టించారు. వాళ్లు ఆ వీధిలో కాపురమున్నవాళ్లు కారు, నాలాగే చూడడానికి వచ్చినవాళ్లు. వాళ్లు ఆ స్తంభాన్ని తోస్తున్నప్పుడు చుట్టూ ఎవరూ లేరు. ఎవరో ఒకరు, ఒక గొర్రెల కాపరో, బుట్ట పెట్టుకున్న మనిషో, "ఓ అప్పా, ఏం చేస్తున్నావు?" అని అడిగేవాళ్లు లేరు. ఇక ఖాళీ చేసిన రథవీధిలోనే 2024 మే నెల వర్షాలకు సాలుమంటపంలో, అంటే వీధి వెంట వరసగా ఉన్న రాతిమంటపాల్లో, కొంతభాగం కూలిపోయింది. మనుషులుంటే కూలేది కాదని వాదించను, అది అన్యాయమైన వాదం. కాపురాలు ఎత్తేసినంత మాత్రాన రాతికి ఆయుష్షు పెరగదని మాత్రం తెలిసింది.

"మరచిపోయిన నగరం" అని హంపి గురించి తరచుగా రాస్తారు. ఎవరు మరచిపోయారు? 1565 జనవరిలో యుద్ధం ఓడి నగరం తగలబడిన తరవాత కూడా విరూపాక్షుడికి పూజ ఆగలేదు. చైత్రంలో రథం లాగడానికి చుట్టుపక్కల ఊళ్లు కదిలి వస్తూనే ఉన్నాయి. ఏటిలో పుట్టి పడవలు నడిపేవాళ్లు నడుపుతూనే ఉన్నారు. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పయెస్, ఆ ఏటి మీద బుట్టల్లాంటి గుండ్రటి పడవలు చూశాననీ, బెత్తంతో అల్లి పైన తోలు కప్పుతారనీ, పదిహేను ఇరవై మంది ఎక్కవచ్చుననీ రాశాడు. ఇప్పుడు తోలుకు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు. పుట్టి అదే, ఏరు అదే. మరచిపోయిందంటున్నది దూరంగా ఉన్నవాళ్లు, ఆ రాళ్ల మధ్య బతికినవాళ్లకు మరచిపోయే వీలే లేదు.

ఆ నగరపు రాజు మన భాషలో రాసిన ఆముక్తమాల్యదలో రాజనీతి పద్యాలున్నాయి కదా. తుపానుకో జబ్బుకో అలసటకో గురై తన రేవులో దిగిన పరదేశి నావికులను వారి వారి జాతికి తగినట్టు ఆదరించాలని అందులో రాజుకు చెబుతాడు. వ్యాపారం పెరగాలన్న లెక్క కూడా అక్కడ ఉంది, దాన్ని దాచలేదు. నాకు ఆ లెక్క ఉండడం నచ్చుతుంది. కాయలమ్మే ఆమెకు నాతో ఇరవై రూపాయల వ్యవహారమూ ఉంది, మాత్రలు ఏరే ఓపికా ఉంది. వచ్చేపోయేవాళ్ల మీద బతికేవాళ్ల ఆదరణ నిజమైనది కాదని తేలిగ్గా తీసేసేవాళ్లు ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో చూడరు. ఆ పరదేశిని ఆదరించే పని అయిదువందల ఏళ్ల తరవాత కూడా చేస్తున్నవాళ్లను మనం ఆక్రమణదారులన్నాం.

ఇంటిపేరు అడిగిన తరవాత

ఇంతవరకూ రాసింది చదివితే హంపిలో అందరూ అందరికీ మంచివాళ్లే అన్నట్టు ఉంటుంది. అందుకే నాలుగోరోజు జరిగింది కూడా రాయాలి.

తళవారఘట్టం దగ్గర పుట్టిలో ఏరు దాటి ఆనెగొంది వెళ్లి, అక్కడి నుంచి పంపాసరోవరం వైపు నడుస్తూ ఎండకు తల తిరిగి అరటితోట గట్టున కూలబడ్డాను. దారినపోయే ఒక పెద్దాయన సైకిలు ఆపి, దగ్గర్లో ఉన్న ఇంటికి నడిపించుకుని వెళ్లాడు. వాళ్లు మాట్లాడింది గోదావరి తెలుగు. తుంగభద్ర ఆనకట్ట కట్టాక ఆంధ్ర నుంచి రైతులు వచ్చి ఆ ఆయకట్టులో క్యాంపులు వేసుకుని స్థిరపడ్డ సంగతి గంగావతి వైపు తిరిగినవాళ్లకు తెలుసు. అలాంటి కుటుంబం అది. ఇంటావిడ గుమ్మంలోనే మంచినీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చింది. ఊరు అడిగింది. పిల్లలెందరని అడిగింది. తరవాత, ఎంతో మృదువుగా, "మీ ఇంటిపేరేమిటమ్మా?" అని అడిగింది. చెప్పాను. అప్పుడు లోపలికి రమ్మని, వసారాలో మంచం వాల్చి, పడుకోమని ఫ్యాను వేసింది. మధ్యాహ్నం అన్నం పెట్టింది, సాయంత్రం వాళ్లబ్బాయి బండి మీద దించి వచ్చాడు.

మంచినీళ్లు ఆ ప్రశ్నకు ముందే వచ్చాయి. మంచం ప్రశ్న తరవాత వచ్చింది. నా జవాబు ఇంకొకటైతే ఆ మంచం వచ్చేదా రాదా అన్నది నేను తేల్చలేను. ఆ ఇల్లాలి ముఖంలో కల్మషం లేదు, ఆమె ఉప్పు తిని ఆమెను తప్పుపట్టడానికి నా నోరు రాదు. కానీ మా బడిలో నా దగ్గర చదువుకున్న పిల్లల్లో కొందరు ఆ గుమ్మంలో నిలబడి ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసి వస్తే వాళ్ల గొంతు ఎలా ఉండేదో నాకు తెలుసు. నాకు దొరికిన ఆదరణలో నా వయసుకూ, నా నెరిసిన జుట్టుకూ, నా భాషకూ, నా ఇంటిపేరుకూ వాటా ఉంది. ఒంటరి ప్రయాణాలు చేసి లోకం ఎంత మంచిదో అని రాసేవాళ్లం ఆ వాటా ఎంతో చెప్పకుండా తప్పించుకుంటాం. నేను తప్పించుకోదలచుకోలేదు.

ఇంకో సంగతి. ఆనెగొంది, ఋష్యమూకం, మతంగపర్వతం, ఇదంతా కిష్కింధ అని అక్కడివారి నమ్మకం. ఆంజనేయుడు పుట్టింది ఇక్కడి అంజనాద్రి మీదా తిరుమల అంజనాద్రి మీదా అని 2021లో పెద్ద వివాదమే నడిచింది, అందులోకి నేను వెళ్లను. ఆ కథలో మొదటి ఘట్టం మాత్రం నాకు ఇక్కడ పనికివస్తుంది. విల్లమ్ములతో ఎవరో ఇద్దరు తన కొండ కింద తిరుగుతున్నారని తెలిసినప్పుడు సుగ్రీవుడు ఎదురేగి స్వాగతం చెప్పలేదు. భయపడ్డాడు. ఎవరో కనుక్కురమ్మని హనుమంతుణ్ని భిక్షువు వేషంలో పంపాడు. అదే పంపాతీరాన శబరి, వస్తాడని తెలిసిన అతిథి కోసం అడవిలో దొరికిన పళ్లూ దుంపలూ కూడబెట్టుకుని ఎదురుచూసింది. ఒకే అడవిలో శబరి నిరీక్షణా ఉంది, సుగ్రీవుడి జంకూ ఉంది. ఇంటివాళ్లకు అనుమానించే హక్కు ఉంది. అలాగే చుట్టానికి కూడా జాగ్రత్తపడే హక్కు ఉంది. సణాపుర గట్టున ఆ రాత్రి దెబ్బతిన్నవాళ్లలో ఆ చోటి ఇంటివాళ్ల మనిషి, అతిథులకు తోడొచ్చిన స్త్రీ కూడా ఉన్నదని మనం గుర్తుంచుకోవాలి. ఆ ఘోరాన్ని అక్కడివాళ్లు బయటివాళ్లకు చేసిన ద్రోహమని చెప్పుకుంటే ఆమెను లెక్కలోంచి తీసేసినవాళ్లమవుతాం.

మా వదినతో నేను ఇదే చెప్పాను. భయపడవద్దని చెప్పలేదు. చీకటిపడ్డాక కాలువ గట్లకూ ఏటి ఒడ్డుకూ వెళ్లవద్దని పిల్లకు చెప్పమన్నాను. మతంగం కొండ మీదికి సూర్యోదయానికి ఎక్కాలనుంటే బస చేసిన ఇంటివాళ్లను అడిగి తోడు తీసుకుని వెళ్లమన్నాను. కోతులున్న చోట చేతిలో తినేది ఏదీ పెట్టుకోవద్దని, కరిచినా గీరినా సబ్బుతో పావుగంటసేపు కడుక్కుని ఆలస్యం చేయకుండా రేబిస్ టీకా వేయించుకోమని చెప్పాను. ఏరు ఎక్కడ లోతో పుట్టివాళ్లను అడగమన్నాను. వదిన అంతా విని, "అయితే వెళ్లమంటావా?" అంది. వెళ్లమన్నాను. ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు గాని, పిల్లతో మాట్లాడడం మొదలుపెట్టింది.

నిన్న సాయంత్రం మేనకోడలు ఫోను చేసి, "అత్తా, అక్కడ నీకు ఏమైనా పనుందా?" అని అడిగింది. ఉంది. దోసకాయలమ్మే ఆమె, ఆమె మనవడు కడలెకాళు గణపతి స్తంభం పక్కన నిలబడిన ఫోటో నా ఫోనులో రెండేళ్లుగా అలాగే ఉంది. తిరిగివచ్చిన వారంలో బడి పరీక్షలని ఆగాను, తరవాత ఏవేవో వచ్చాయి. పంపనివాళ్లలో నేనూ ఒకదాన్ని. ఈ రోజు ఉదయం స్టూడియోకు వెళ్లి పెద్ద సైజులో రెండు కాపీలు వేయించి, ఒకదానికి చట్రం కట్టించమని ఇచ్చి వచ్చాను. బుధవారం వస్తుంది. పిల్లవాడు ఈపాటికి పొడుగై ఉంటాడు, ఇంకో ఫోటో కూడా తీసి పంపమని మేనకోడలికి చెప్పాలి.